పద్నాలుగు కిలోల పాప

ఆస్పత్రి నేలకింద అంతస్తులో, స్కానింగ్ గదికీ ఉతికిన దుప్పట్లు పెట్టే గదికీ మధ్య మా కంప్యూటర్ విభాగం. కిటికీ లేదు. నాలుగు బల్లలు, మూలన సర్వర్ల బీరువా, దాని హోరు. తీగలూ ప్రింటర్లూ చూసుకోవడం నా పని. నా పక్క బల్ల అక్కది. సొంత అక్క కాదు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద, వచ్చిన మొదటి రోజే "మేడమ్ గీడమ్ అంటే ఊరుకోను" అంది కాబట్టి అక్క.

మిగతా ఆస్పత్రి అంతా ఆమెను చాటుగా చిటపటమ్మ అనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఒకసారి ఎవరో ఫోన్లో నోరు జారి "చిటపటమ్మగారు ఉన్నారా?" అని అడిగితే, "ఉంది, చెప్పు" అంది. కోపం ఆమెకు ముక్కు మీద కాదు, నాలుక చివర ఉండేది. తెర మీద ఏం రాసుందో చదవకుండా "పని చెయ్యట్లేదండీ" అనేవాళ్లంటే మంట. తను రాసిన ప్రోగ్రామ్‌ను అనుమానించేవాళ్లంటే ఇంకా మంట. అనుమానించడానికి కారణమూ కనిపించేది కాదు. ఆమె రాసిన మందుల చీటీ ప్రోగ్రామ్ పదకొండేళ్లుగా ఒక్క పూట ఆగలేదు.

ఆ ప్రోగ్రామ్ పని చిన్నదే. పిల్లల వార్డులో నర్సు బిడ్డ బరువు కొడుతుంది. డాక్టరు మందు పేరు ఎంచుకుంటాడు. బరువును బట్టి ఎంత మందు ఇవ్వాలో లెక్కగట్టి, సీసాకు అంటించే చీటీ అచ్చవుతుంది. అంతే.

ఒక మంగళవారం నాలుగేళ్ల పాపకు మూర్ఛ మందు రెండింతలకు పైగా పడింది. పాప ఇరవై గంటలు లేవలేదు. తల్లి మంచం పక్కనే నేల మీద కూర్చుని ఆ ఇరవై గంటలూ పాప పాదం పట్టుకుని ఉందట. మర్నాడు పాప కళ్లు తెరిచి నీళ్లడిగింది. బతికింది. ఆ తర్వాత అందరూ కలిసి నర్సు మీద పడ్డారు.

విచారణ నలభై నిమిషాల్లో ముగిసింది. మా విభాగం హెడ్ ఏమడిగినా "చూద్దాం" అనే మనిషి. అందుకని మేం ఆయన్ని చూద్దాంగారు అనుకునేవాళ్లం. ఆ రోజు మాత్రం చూద్దాం అనలేదు. "మనిషి పొరపాటు. మా ప్రోగ్రామ్‌లో లోపం లేదు" అని ముందే టైపు చేయించిన కాగితం తెచ్చి అక్క ముందు పెట్టాడు. అక్క రికార్డు తెరిచి చూసింది. పాప పేరు ఎదురుగా బరువు ముప్పై ఒక్క కిలోలని ఉంది. సంతకం పెట్టేసింది. నేను అక్కడే ఉన్నాను. పెదవి విప్పలేదు.

మధ్యాహ్నం ఆ నర్సు మా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. యూనిఫామ్ లేదు, మామూలు బట్టల్లో ఉంది. చేతిలో సస్పెన్షన్ కాగితం.

"మేడమ్, నేను పద్నాలుగే కొట్టాను. పాపని నా చేతుల్తో ఎత్తి తూకం మీద కూర్చోబెట్టాను. పద్నాలుగు కిలోల పిల్లకీ ముప్పై ఒక్క కిలోల పిల్లకీ తేడా నా చేతులకి తెలీదా?"

అక్క తల తిప్పలేదు. "రికార్డులో ముప్పై ఒకటి ఉంది సిస్టర్. కంప్యూటర్ తనంతట తాను అంకెలు మార్చేసుకోదు."

"అయితే నేను అబద్ధం చెప్తున్నానా?"

"ఆ మాట నేనలేదు. అంకె చెప్పాను."

నర్సు వెళ్లిపోయింది. అక్క కీబోర్డు మీద కొట్టే చప్పుడు ఆ తర్వాత గంటసేపు మామూలుకన్నా గట్టిగా వినిపించింది.

నెల తిరక్కముందే ల్యాబుకు కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. అది ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిందట. మాలో ఒకరు మూడు రోజుల శిక్షణకు వెళ్లాలన్నారు. ఎవరూ ముందుకు రాకపోతే చూద్దాంగారు అక్కను తోసేశాడు. ఆమె ఒంటికాలి మీద లేచింది. "ఇరవై రెండేళ్లు ప్రోగ్రాములు రాశాక ఇప్పుడు నాకు ఓనమాలు నేర్పిస్తారా?" అయినా వెళ్లక తప్పలేదు.

మొదటి రోజు సాయంత్రం ఫోన్ చేసి అరగంట నా చెవి తినేసింది. "తమ్ముడూ, ఆ శిక్షణ ఇచ్చే ఆవిడ ఏం చెప్తోందో తెలుసా? ఒకసారి ఒక పేరుకి విలువ ఇచ్చాక మళ్లీ మార్చకూడదట. మార్చకపోతే ఇంక ప్రోగ్రామ్ ఎందుకు, రాతి మీద చెక్కుకుంటే పోలే? 'పాతది పాతదిగానే ఉంచి కొత్తది తయారు చేసుకోండి' అంటుంది. ఒకే పనిని మళ్లీ మళ్లీ తిప్పే లూపుల్లేవట. చక్రాలు పీకేసి బండి తోలమంటోంది!"

రెండో రోజు ఇంకా ఘోరం. ఆ భాష ఆమె రాసిందేదీ ఒప్పుకోలేదు. నడవడానికి ముందే తప్పులు పట్టింది. ఎర్ర అక్షరాలు. ఒకటి దిద్దితే మూడు. పక్కన కూర్చున్నాయన ఎవరో నవ్వాడట, మళ్లీ నవ్వకుండా చేసిందట.

ఇంట్లో ఆమెకు సరిజోడు మామగారు. లెక్కల మాస్టారుగా చేసి మానేసిన మనిషి. కోడలికీ ఆయనకూ ఏ పూటా పడేది కాదు. ఫ్యాను దగ్గర్నుంచి పేపరు మడతపెట్టే తీరు దాకా ప్రతిదానికీ గొడవే. భర్త మధ్యలో దూరడం ఎప్పుడో మానేశాడు. ఆ ఆదివారం ఉదయం ఆమె భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పళ్లు నూరుతుంటే, ఆయన కళ్లజోడు సర్దుకుని వెనక నిలబడ్డారట. ఇది ఆమే తర్వాత నాకు చెప్పింది.

"ఏమిటమ్మాయ్ ఆ కుస్తీ?"

"మీకర్థం కాదు మామయ్యా."

"చెప్పి చూడు. ఒప్పుకోను కానీ వింటాను."

ఆమె చెప్పింది. పాత పద్ధతిలో అయితే ఎక్స్ అనే పెట్టెలో ఒక అంకె ఉంటుంది, దానికి ఒకటి కలిపి మళ్లీ ఎక్స్‌లోనే పెడతాం అంది. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఎక్స్‌కి ఒకటి కలిపితే మళ్లీ ఎక్సేనా? ఏ క్లాసులో చదివావు నువ్వు? ఇన్నాళ్లూ ఇలాంటి లెక్కల మీదా మీ ఆస్పత్రి నడుస్తోంది?"

"అది లెక్క కాదు మామయ్యా, పెట్టె."

"ఫంక్షన్ అంటావు, పెట్టె అంటావు. ఫంక్షన్‌కి రెండిచ్చావు, నాలుగొచ్చింది. పొద్దునిచ్చినా నాలుగే రావాలి, సాయంత్రమిచ్చినా నాలుగే రావాలి. మీ ప్రోగ్రాముల్లో అలా రాదా?"

"ప్రతిసారీ అలా రాదు. లోపల అప్పటికి ఏం గుర్తుందో దాన్ని బట్టి వస్తుంది."

"అయితే అది ఫంక్షన్ కాదు, మా అన్నయ్య! ఎవరితో మాట్లాడి వచ్చాడో దాన్ని బట్టి జవాబు చెప్పేవాడు."

ఆమెకు నవ్వొచ్చింది, కానీ ఆయన ముందు నవ్వడం ఇష్టంలేక ఆపుకుంది. లూపుల్లేకుండా వరుసంతా ఎలా చూస్తారో తనకింకా అంతుపట్టలేదని చెప్పింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"పరీక్ష పేపర్ల కట్ట దిద్దేటప్పుడు నేనేం చేసేవాణ్ణి? పై పేపరు దిద్దేవాణ్ణి. మిగిలింది కూడా కట్టే కదా, చిన్న కట్ట. దాన్నీ అలాగే దిద్దేవాణ్ణి. కట్ట అయిపోతే లేచి కాఫీకి వెళ్లేవాణ్ణి. ఇందులో నీ లూపు ఎక్కడుంది?"

ఆమె ఆ మూడు వాక్యాలనే ఆ భాషలో రాసింది. పై పేపరు, మిగిలిన కట్ట, ఖాళీ కట్ట. ఎర్ర అక్షరాలు రాలేదు. మామయ్య చెబితే వచ్చిందని చిరాకేసినా, ఆయనకు కాఫీ తనే పెట్టి ఇచ్చిందట.

ఆ తర్వాత రోజూ ఉదయం ఆరింటికి ఇద్దరూ ఆ బల్ల దగ్గర పోట్లాడుకుంటూ నేర్చుకున్నారు. పాత అలవాట్లు మానడం ఆమెకు ఏ కొత్త సంగతికన్నా కష్టమైంది. చెయ్యి దానంతటదే పెట్టె కోసం వెతికేది. దేన్నీ దాచుకోకుండా, ఏం కావాలో చేతికిస్తేనే జవాబిచ్చే చిన్న చిన్న ఫంక్షన్లు రాయడం, వాటిని గొలుసులా ఒకదానికొకటి తగిలించడం మెల్లగా పట్టుబడింది. అచ్చువేయడం, రికార్డులో రాయడం లాంటి బయటి పనులన్నీ చివరికి నెట్టి, లెక్కను శుభ్రంగా విడిగా ఉంచడం నేర్చుకుంది. ఇంక సాధన కోసం తనకు కంఠతా వచ్చిన దాన్ని ఎంచుకుంది. మందుల చీటీ.

రాస్తూ రాస్తూ ఒకచోట ఆగింది. కొత్త భాష ముందుకు పోనివ్వలేదు. బరువు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, లేకపోతే ఏం చేస్తావో చెప్పలేదని పట్టుబట్టింది. "లేకపోవడమేంటి, ఎప్పుడూ ఉంటుంది!" అని ఆమె తెర మీద అరిచింది. మామగారు పేపర్లోంచి తలెత్తి అడిగారు.

"మరి పాతదాంట్లో లేకపోతే ఏం చేశావు?"

ఆమెకు గుర్తు లేదు. పదకొండేళ్ల కిందటి రాత. ఆ ఉదయమే ఆఫీసుకొచ్చి పాత ప్రోగ్రామ్ తెరిచింది. వార్డంతటికీ కలిపి 'ప్రస్తుత బరువు' అని ఒకే ఒక పెట్టె. నర్సు బరువు కొట్టగానే అందులో పడుతుంది. చీటీ అచ్చయ్యాక డాక్టరు మందు మారిస్తే, ప్రోగ్రామ్ బరువు మళ్లీ అడగదు. పెట్టెలో ఏముంటే అది తీసుకుంటుంది. ఈలోగా పక్క మంచం దగ్గర ఇంకో నర్సు ఇంకో బిడ్డ బరువు కొట్టి ఉంటే, పెట్టెలో ఉండేది ఆ బిడ్డ బరువు. ఆ పైన ప్రోగ్రామ్ ఆ తప్పు బరువునే మొదటి బిడ్డ రికార్డులో, పాతదాన్ని చెరిపేసి రాస్తుంది.

ప్రోగ్రామ్ మొదటి వరసలో, రాసినవాళ్ల పొడి అక్షరాలు ఉన్నాయి. ఆమెవే.

నన్ను పిలిచింది. ఎప్పుడూ గది దద్దరిల్లేలా అరిచే మనిషి ఆ రోజు గొంతు పెంచలేదు. నాకు భయమేసింది. పదివేల మంది కల్పిత పిల్లలను తయారు చేసింది, రకరకాల బరువులతో. బరువు కొట్టడం, మందు మార్చడం, అచ్చువేయడం వరుసలు కలగాపులగం చేసి పాత ప్రోగ్రామ్‌కూ కొత్తదానికీ ఒకేసారి ఇచ్చింది. కొత్తది ఏ బిడ్డకు ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు చెప్పింది. పాతది రెండువందల పన్నెండు మంది విషయంలో మాట మార్చింది.

"సిస్టర్ పద్నాలుగే కొట్టింది. నా ముందు నిలబడి చెప్పింది. నేను ముఖం కూడా చూడలేదు" అంది అక్క.

కాగితాలు తీసుకుని చూద్దాంగారి గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకోలేదు. మాటలన్నీ నాకు వినపడ్డాయి.

"విచారణ ముగిసిపోయింది కదమ్మా."

"తప్పుగా ముగిసింది సార్. ఇప్పటికీ వార్డులో అదే నడుస్తోంది. ఈ క్షణంలో ఎవరి బరువు ఎవరికి వెళ్తోందో తెలీదు."

"చూద్దాం. తొందరపడితే ఆస్పత్రి పరువు…"

"పిల్లలు సార్! పిల్లలు!"

"నిదానించు. లోపం లేదని సంతకం పెట్టింది నువ్వే. రేపు ఇది బయటికొస్తే ముందు నీ మెడకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనివ్వండి. నా మెడే కదా. మీకెందుకు నొప్పి?"

ఆమె వచ్చి తన కుర్చీలో కూర్చోలేదు. నా బల్ల మీది చిన్న చీటీల ప్రింటరు పీకి నా చేతిలో పెట్టింది. "రా" అంది. డాక్టర్ల వారపు సమావేశం మూడో అంతస్తులో జరుగుతోంది. పిలవని చోటికి వెళ్లడం నాకదే మొదటిసారి.

సూపరింటెండెంట్ ఏదో అనబోయాడు. అక్క ల్యాప్‌టాప్ ఆయన ముందుకు తోసింది. "మీరే కొట్టండి డాక్టర్‌గారూ. ఒక బిడ్డకి పద్నాలుగు." ఆయన కొట్టాడు. చీటీ వచ్చింది, సరిగ్గానే. పక్కనున్న డాక్టరమ్మతో ఆ గదిలోని కంప్యూటర్ మీద ఇంకో బిడ్డకు ముప్పై ఒకటి కొట్టించింది. "ఇప్పుడు మొదటి బిడ్డ మందు మార్చండి." ఆయన మార్చాడు. ప్రింటరు గుర్రుమంది. చీటీ చింపి చూసుకున్నాడు. ఇంకోసారి చూశాడు.

"ఇది నేను రాసిందే. లోపం లేదని సంతకం చేసిందీ నేనే. ఆ నర్సు తప్పేం లేదు" అంది అక్క.

ఆ గంటలోనే ప్రోగ్రామ్ ఆపేశారు. ఐదు వారాలు వార్డులో ఇద్దరేసి నర్సులు చేత్తో లెక్కలు వేసి సరిచూసుకున్నారు. ఆ ఐదు వారాల్లో అక్క లెక్క భాగమంతా కొత్త భాషలో తిరగరాసింది. బరువు చేతికివ్వకపోతే చీటీ రాదు. ఏదీ చెరిగిపోదు, కొత్త బరువు పాతదాని కింద చేరుతుంది, ఎవరు ఎప్పుడు కొట్టారో దానితోపాటు. చూద్దాంగారు ఆస్పత్రి అంతటికీ 'మా విభాగం చొరవతో' అని సర్క్యులర్ పంపించాడు. ఆ కాగితాన్ని అక్క నాలుగు మడతలు పెట్టి, ఊగే బల్ల కోడు కింద దూర్చింది. ఆమెకు మాత్రం ఒక మెమో వచ్చింది, అనుమతి లేకుండా సమావేశంలోకి చొరబడినందుకు.

నర్సు సస్పెన్షన్ రద్దు చేస్తూ రెండు వాక్యాల ఉత్తరం పంపారు. కారణం రాయలేదు. క్షమాపణ అసలే లేదు. అప్పటికే ఆమె ఒక కళ్ల క్లినిక్‌లో చేరింది. అక్క అక్కడికి వెళ్లింది, నన్ను తోడు తీసుకుని. క్లినిక్ వెనక వరండాలో నర్సు చేతులు కట్టుకుని అంతా వింది. అక్క సొంత చేత్తో రాసిన ఉత్తరం ఇచ్చింది. తప్పు ఎక్కడ, ఎవరిది, ఎలా జరిగిందో వివరంగా ఉంది. ఆస్పత్రివాళ్లు ఒప్పుకోనందున ముద్ర లేదు, కింద అక్క సంతకం ఒక్కటే.

నర్సు చదివి మడత పెట్టుకుంది.

"మా అమ్మకి కూడా అనుమానమే మేడమ్. 'ఒకవేళ నువ్వే పొరపాటుగా కొట్టావేమో' అంది. నాక్కూడా ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది. నా చేతుల్ని నేనే నమ్మలేదు. అది ఈ కాగితంతో పోతుందా?"

"పోదు" అంది అక్క.

"సరే, నా సంగతి వదిలెయ్యండి. పదకొండేళ్లు నడిచింది కదా అది. ఇంకెంతమందికి ఇలా వెళ్లింది?"

అది తేల్చే దారి అక్కకు తెలీదు. రికార్డులన్నీ తమను తాము చెరుపుకున్నవే. తిరుగు దారిలో బస్సులో ఆమె ఎదుటి సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. "చెరిపేశాను. పైగా శుభ్రంగా ఉంటుందని చెరిపేశాను" అంది ఒకసారి. అంతే.

కంప్యూటర్ చెరిపింది కానీ, మంచం దగ్గర వేలాడదీసే కేసు షీట్లలో నర్సులు చేత్తో రాసిన బరువులు ఉన్నాయి. అవన్నీ దుప్పట్ల గది వెనక అట్టపెట్టెల్లో, దుమ్ములో. పాప విచారణలో కూడా ఆ షీటు ఎవరూ అడగలేదు. మర్నాటి నుంచి డ్యూటీ దిగాక అక్క ఒక్కో పెట్టే తెరిచి, చేత్తో రాసిన బరువునూ రికార్డునూ పోల్చడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. విచారణ గదిలో నోరు మూసుకున్నవాణ్ణి, అంతకన్నా ఏం చెయ్యగలను? చూద్దాంగారు వచ్చి "ఇదంతా అవసరమా?" అన్నాడు. అక్క చూసిన చూపుకు మళ్లీ రాలేదు.

నాలుగో రోజు గుమ్మంలో నర్సు. చేతిసంచి పెట్టె మీద పెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుంది.

"క్షమించేశానని అనుకోకండి. మీకు ఆ చేతిరాత అర్థం కాదు. ఏడుని ఒకటి అని చదువుతారు. మళ్లీ ఇంకో తప్పు చేస్తారు. అందుకొచ్చాను."

"కూర్చో సిస్టర్" అంది అక్క, తన కుర్చీ ఇచ్చి.

నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో వాళ్లిద్దరూ పని మాట తప్ప మాట్లాడుకోగా నేను వినలేదు. ఆ పాపతో కలిపి మొత్తం ఏడుగురు పిల్లలు తేలారు. ఎవరూ చనిపోలేదు. నలుగురికి ఎక్కువ పడింది, ముగ్గురికి తక్కువ. తక్కువ పడిన వాళ్లలో ఒక అబ్బాయి జ్వరం తగ్గక మూడు వారాలు ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఎందుకు తగ్గలేదో అప్పట్లో ఎవరికీ అర్థం కాలేదు. రెండు పెట్టెలు తడిసి ముద్దయి ఉన్నాయి, వాటిలో ఏముందో ఎప్పటికీ తెలియదు.

ఏడు ఇళ్లకూ ఉత్తరాలు వేస్తానని అక్క సూపరింటెండెంట్‌కు చెప్పింది. ఆయన "మీ పేరుతో వేసుకోండి" అన్నాడు. వేసింది.

ఐదు ఇళ్ల నుంచి జవాబు లేదు. ఒక తల్లి ఫోన్ చేసి, పిల్ల బాగానే ఉందని చెప్పి పెట్టేసింది. ఆ అబ్బాయి తండ్రి మాత్రం మనిషే వచ్చాడు. వెల్డింగ్ పని చేసేవాడు, చేతుల నిండా కాలిన మచ్చలు. మా గది మధ్యలో నిలబడి అరిచాడు. మూడు వారాలూ వాడి పక్కన కూర్చోవడానికి సెలవు పెడితే పని పోతుందంటే, ఆ పనే వదులుకున్నానన్నాడు. తన భార్య అప్పటినుంచీ పిల్లాడికి ఒళ్లు వెచ్చబడితే చాలు, వణికిపోతుందన్నాడు. మీకు అంకెలే కదా అన్నాడు. నేను సెక్యూరిటీని పిలవబోతే అక్క నన్ను చేత్తో ఆపింది.

ఆయన అరిచినంతసేపూ ఆమె నిలబడే ఉంది. ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. జన్మలో ఎవరి మాటా పడని మనిషి. చివరికి ఆయన గొంతు బొంగురుపోయింది. షీట్లు సర్దడానికి వచ్చి ఉన్న నర్సు, ఎవరూ చెప్పకుండానే లేచి మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన తాగాడు. "అది రాసిందెవరు? నాకు మనిషిని చూపించండి" అన్నాడు మెల్లగా.

"నేనే" అంది అక్క.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు. తర్వాత ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, మెట్లెక్కి వెళ్లిపోయాడు.